దక్షిణ తెలంగాణ నేల మీద ఆర్‌సీ కారు: ఎంపికను నిర్ణయించేవి ఏవి?

సంక్షిప్తంగా: హాబీ రకం రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) కారు కొనేవారు ముందుగా చూసే అంకె గరిష్ఠ వేగం. అయితే ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ కారు ఎంతకాలం నడుస్తుందనేది వేసవి వేడి, చెలక దుమ్ము, బండరాళ్ల నేల, విడిభాగాల లభ్యత అనే నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. ఇవి యంత్రం మీద ఎలా పనిచేస్తాయో, వాటికి తగినట్టు కారు రకాన్ని, మోటారును, బ్యాటరీని ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఫొటో ఒకటే, ధరలు మాత్రం వేరు

ఆన్‌లైన్‌లో ఆఫ్‌రోడ్ రిమోట్ కారు కోసం వెతికితే, చూపుకు ఒకేలా ఉండే బండ్లు వెయ్యి రూపాయల నుంచి యాభై వేలు, ఆపైన కూడా కనిపిస్తాయి. పెద్ద చక్రాలు, బయటికి కనిపించే స్ప్రింగులు, మెరిసే బాడీ అన్నింటికీ ఉంటాయి. ఇంత తేడా ఎందుకో ఫొటో చూస్తే అర్థం కాదు, బాడీ తీసి లోపల చూస్తే అర్థమవుతుంది.

బొమ్మ రకం కార్లలో సిగ్నల్ అందుకునే భాగం, మోటారును నియంత్రించే భాగం, స్టీరింగ్ తిప్పే భాగం అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఉంటాయి. ఆ బోర్డులో ఒక చిన్న భాగం కాలిపోయినా బండి మొత్తం మూలన పడుతుంది. స్టీరింగ్ కూడా పూర్తిగా ఎడమకో పూర్తిగా కుడికో తిరుగుతుంది తప్ప మధ్యలో నిలవదు. హాబీ రకంలో రిసీవరు, వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ, స్టీరింగ్ సర్వో, మోటారు, బ్యాటరీ దేనికవి విడిగా ఉంటాయి, ఏది చెడిపోతే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. రిమోట్ చక్రాన్ని పదో వంతు తిప్పితే కారు చక్రం కూడా పదో వంతే తిరుగుతుంది, ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగమే వస్తుంది.

ఈ రెండింటి నడుమ కొన్నేళ్లుగా మూడో వర్గం ఒకటి బలపడింది. చైనా కంపెనీ డబ్ల్యూఎల్ టాయ్స్ తెచ్చిన 144001 అనే 1/14 స్కేల్ బగ్గీ, అంటే అసలు బండిలో పద్నాలుగో వంతు సైజులో మట్టి మీద పరుగెత్తేందుకు చేసిన తేలికపాటి కారు, దీనికి మంచి ఉదాహరణ. లోహపు చాసిస్, నాలుగు చక్రాలకూ శక్తి, 550 సైజు బ్రష్డ్ (లోపల కార్బన్ బ్రష్‌లు ఉండే) మోటారు, 7.4 వోల్టుల బ్యాటరీతో వచ్చే ఈ కారు, పేరున్న జపాన్, అమెరికా కంపెనీల 1/10 కార్ల ధరలో మూడో వంతుకో అంతకంటే తక్కువకో దొరుకుతుంది. దీని విడిభాగాలు కూడా విరివిగా దొరుకుతాయి కాబట్టే భారతదేశంలో చాలామందికి ఇదే మొదటి హాబీ కారు అయింది.

కొనబోయే కారు ఏ వర్గానిదో తెలుసుకోవడానికి నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. కారు మాన్యువల్‌లో భాగాలన్నీ విడదీసి చూపే బొమ్మ ఉందా, ప్రతి భాగానికీ నంబరు ఉందా, ఆ నంబరుతో వెతికితే ఆ భాగం విడిగా అమ్మకానికి దొరుకుతుందా అని చూడాలి. మూడింటికీ అవునని జవాబు వస్తే అది బాగు చేసుకోగలిగిన బండి. ప్రకటనలోని వేగం, లైట్లు, శబ్దాలు ఈ విషయంలో ఏమీ చెప్పవు.

సుంకం, నాణ్యత ఉత్తర్వు: గందరగోళానికి ఒక మూలం

ధరలు ఇంత ఎక్కువగా ఉండటానికి దిగుమతి విధానం కూడా కారణం. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచింది. కస్టమ్స్ వర్గీకరణలో బొమ్మలకు 9503 అనే శీర్షిక ఉంది. అదే శీర్షిక కింద, నడిచేవైనా నడవనివైనా, వినోదం కోసం చేసిన చిన్న స్కేల్ నమూనాలూ వస్తాయి. అందువల్ల పెద్దవాళ్ల అభిరుచి కోసం చేసిన కారు కూడా సుంకం లెక్కలో పిల్లల బొమ్మ పక్కనే నిలబడింది.

నాణ్యత నియమం దగ్గరికి వస్తే గీత మరోచోట ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి. హాబీ కార్ల పెట్టెల మీద 14 ఏళ్లు పైబడినవారికి అని కనిపించే సూచనను ఈ నేపథ్యంలో చదవాలి. ఆ సూచనను అమ్మకపు మాటగా కొట్టిపారేయకూడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో రెండు కిలోల బండిని నడపడం చిన్నపిల్లల పని కాదన్నది వాస్తవం కూడా.

విదేశం నుంచి నేరుగా తెప్పించుకునేవారు వస్తువు ధర, రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, వీటన్నింటి మీద ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) కలిపి లెక్క వేసుకోవాలి. సుంకం రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే నాటి రేటునే చూడాలి. దేశంలో నిల్వ ఉన్న అమ్మకందారు కొంత ఎక్కువ చెప్పినా, చేతికి వచ్చేసరికి అదే చవక కావచ్చు.

చెలక, రేగడి, బండ

పాలమూరు, నల్లగొండ ప్రాంతం దక్కన్ పీఠభూమిలోని గ్రానైటు నేల. ఇక్కడ నేల రకాలు కొద్ది దూరంలోనే మారిపోతాయి. ఎక్కువ భాగం ఎర్ర చెలక. కృష్ణా తీరం వైపు, గద్వాల నడిగడ్డలో రేగడి కనిపిస్తుంది. ఊరి పక్కన గుట్టలు, వాటి చుట్టూ దొర్లిన పెద్ద గుండ్లు దాదాపు ప్రతి మండలంలోనూ ఉంటాయి. భువనగిరి, దేవరకొండ, కోయిలకొండ కోటలను నిలబెట్టింది ఈ రాతి నేలే. ఆర్‌సీ కార్లలో ఏ రకం ఎక్కడ పనికివస్తుందో ఈ నేలే చెబుతుంది.

పొడి చెలక మీద, మొరం పోసిన ఖాళీ ప్లాట్ల మీద బగ్గీ, షార్ట్ కోర్స్ ట్రక్ (బాడీ చక్రాలను కప్పి ఉండే రేసు ట్రక్కు) బాగా పరుగెడతాయి. పైన సన్నటి దుమ్ము, కింద గట్టి నేల ఉన్నప్పుడు టైరు కొంత జారుతూ పట్టు దొరకబుచ్చుకుంటుంది. రెండు చక్రాల డ్రైవ్ ఉన్న కారు ఇలాంటి చోట వెనుక భాగం తిరిగిపోయి గిరగిరా తిరుగుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ కారులో ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి కొత్తవారి చేతిలో కూడా దారి తప్పదు. నేర్చుకోవడానికి రెండు చక్రాల డ్రైవే మంచిదనే వాదన ఉంది, ట్రిగ్గర్‌ను సున్నితంగా నొక్కడం అది నేర్పుతుందన్నది నిజమే. అయినా వదులు దుమ్ము ఎక్కువగా ఉన్న ఈ నేలల్లో మొదటి కారుకు నాలుగు చక్రాల డ్రైవ్ తగినది. కారు మాటిమాటికీ బోల్తా పడి విరిగితే నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది.

వేసవిలో ఎండిన చెరువు నేల విశాలంగా, జనం లేకుండా ఉంటుంది కాబట్టి చాలామంది కళ్లు దాని మీదే పడతాయి. చెరువులో పేరుకున్న బంకమట్టి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. 1/18 కారు టైరు వ్యాసం ఆరేడు సెంటీమీటర్లే కాబట్టి అది ఆ నెర్రెల్లో ఇరుక్కుంటుంది, వేగంలో ఉంటే ముందు ఇరుసు విరుగుతుంది. టైరు వ్యాసం 11 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండే 1/8 బగ్గీ, అంతకంటే పెద్ద టైర్లుండే మాన్‌స్టర్ ట్రక్ వాటిని దాటిపోతాయి. తడిసిన రేగడి మాత్రం ఏ కారుకూ పనికిరాదు. టైర్లకు మన్ను అంటుకొని చక్రం బరువు పెరుగుతూ పోతుంది, ఆ బరువంతా మోటారు మీద, గేర్ల మీద పడుతుంది. వానాకాలంలో రేగడి నేల ఉన్న ఊళ్లలో మొరం, సీసీ రోడ్డు, బండ తప్ప మరో దారి లేదు.

బండల విషయం వేరు. గుట్ట అంచున ఉండే గుండ్ల మీదికి నిదానంగా ఎక్కే క్రాలర్ కార్లకు ఈ ప్రాంతం కంటే అనువైన నేల దొరకడం కష్టం. క్రాలర్ నడక వేగం కంటే కాస్త ఎక్కువగా పోతే చాలు. దానికి కావలసింది నిదానంగా తిరిగే, బలంగా లాగే మోటారు, ఒక చక్రం గాలిలో ఉన్నా మిగిలిన చక్రానికి శక్తి అందేలా బిగించిన డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె), రాయిని పట్టుకునే మెత్తటి టైర్లు. గ్రానైటు పైభాగం గరుకుగా ఉంటుంది, కాబట్టి పొడిగా ఉన్నప్పుడు రబ్బరుకు పట్టు బాగా దొరుకుతుంది. వేగం తక్కువ కావడం వల్ల విరిగేవి తక్కువ, వేడి తక్కువ, ఒక ఛార్జింగ్‌తో నడిచే సమయం ఎక్కువ. కోటలు, గుడులు ఉన్న గుట్టలను వదిలి, మామూలు గుండ్లను ఎంచుకోవడం మర్యాద.

నున్నటి గచ్చు మీద పక్కకు జారుతూ నడిచే డ్రిఫ్ట్ కార్లు, తారు రోడ్డు మీద నడిచే టూరింగ్ కార్లు కూడా ఉన్నాయి. టూరింగ్ కారు నేలకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి కంకర తేలిన రోడ్డు మీద దాని అడుగు భాగం గీరుకుపోతుంది. నాపరాళ్లు పరిచిన పెద్ద పార్కింగ్ స్థలం, ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్ ఆవరణ లాంటివి అందుబాటులో ఉంటే తప్ప ఇవి ఇక్కడ మొదటి ఎంపిక కాలేవు.

వేగం అంకె ఎక్కడి నుంచి వస్తుంది

బ్రష్‌లెస్ మోటారు (లోపల కార్బన్ బ్రష్‌లు లేని రకం) మీద కేవీ అనే అంకె ఉంటుంది. ఒక వోల్టుకు, భారం లేనప్పుడు, నిమిషానికి అది ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె చెబుతుంది. 3300 కేవీ మోటారుకు రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అంటే 7.4 వోల్టులు ఇస్తే నిమిషానికి 24,420 చుట్లు. గేర్లన్నీ కలిసి మోటారు 9 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగేలా ఉంటే, చక్రం నిమిషానికి సుమారు 2,713 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 10 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. లెక్క కట్టితే గంటకు దాదాపు 51 కిలోమీటర్లు వస్తుంది. అదే కారులో 11.1 వోల్టుల మూడు సెల్‌ల బ్యాటరీ పెడితే అంకె దాదాపు 77 అవుతుంది.

ఇది కాగితం మీది వేగం. భారం పడగానే చుట్లు తగ్గుతాయి, గాలి అడ్డుకుంటుంది, మట్టి మీద టైరు జారుతుంది. ప్రకటనల్లోని వేగాన్ని చేరుకోవాలంటే పొడవైన, నున్నటి రోడ్డు, అప్పుడే ఛార్జింగ్ ఎక్కిన బ్యాటరీ కావాలి. చెలక నేల మీద అందులో పెద్ద భాగం ఎప్పటికీ వాడుకోలేము.

వేగంతోపాటు పెరిగే మరొక లెక్కను ప్రకటనలు చెప్పవు. కదిలే వస్తువులోని శక్తి వేగం వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఢీకొన్నప్పటి శక్తి రెండుంపావు రెట్లు. ప్లాస్టిక్ సస్పెన్షన్ చేతులు, ఇరుసు కప్పులు విరగడానికి చాలాసార్లు కారణం నాణ్యత లోపం కాదు, ఈ లెక్క. తయారీదారు రెండు సెల్‌లకు రూపొందించిన బండిలో మూడు సెల్‌ల బ్యాటరీ పెట్టడం వల్ల మోటారు, గేర్లు, సస్పెన్షన్ మూడూ ఒకేసారి పరిమితి దాటుతాయి. ఈఎస్‌సీ మూడు సెల్‌లను తట్టుకుంటుందని రాసి ఉన్నంత మాత్రాన మిగిలిన భాగాలు తట్టుకుంటాయని అర్థం కాదు.

44 డిగ్రీల ఎండలో మోటారు

నల్లగొండ రాష్ట్రంలో వేడి ఎక్కువగా నమోదయ్యే ప్రాంతాల్లో ఒకటి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలకు చేరడం ఇక్కడ కొత్త కాదు. ఆర్‌సీ కార్ల మాన్యువళ్లు, గేరింగ్ పట్టికలు ఎక్కువగా చల్లటి దేశాల్లో తయారవుతాయి, కాబట్టి వాటి సూచనలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఇబ్బంది వస్తుంది.

అభిరుచిదారులు మోటారు బయటి ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటకుండా చూసుకుంటారు. బయట 24 డిగ్రీలున్నప్పుడు ఆ గీతకు 56 డిగ్రీల ఎడం ఉంటుంది. బయటే 44 ఉంటే మిగిలేది 36. మోటారు పుట్టించే వేడి రెండు చోట్లా ఒకటే అయినా, ఇక్కడ మూడింట రెండు వంతుల సమయానికే గీత దగ్గరికి వచ్చేస్తుంది. ఎండకు కాగిన నేల నుంచి పైకి వచ్చే వేడి దీనికి అదనం.

వేడి మరింత వేడిని తెస్తుంది కూడా. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. తీగ 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే నిరోధం 30 శాతం దాకా ఎక్కువవుతుంది, అంతే కరెంటుకు అంత ఎక్కువ వేడి పుడుతుంది. మోటారులోని శాశ్వత అయస్కాంతాలు హద్దు దాటి వేడెక్కితే బలం కోల్పోతాయి, చల్లారాక కూడా ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. ఎండాకాలం తర్వాత కారు లాగడం తగ్గిందంటే బ్యాటరీతో పాటు దీన్ని కూడా అనుమానించాలి.

అన్నింటికంటే చవకైన పరిష్కారం పినియన్ గేరు మార్చడం. మోటారు ఇరుసు మీద 20 పళ్ల పినియన్ తీసి 18 పళ్లది పెడితే గరిష్ఠ వేగం పదో వంతు తగ్గుతుంది. అదే బరువును లాగడానికి మోటారు తీసుకునే కరెంటు కూడా దాదాపు పదో వంతు తగ్గుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది, కాబట్టి అది దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. మట్టి మీద ఎలాగూ వాడుకోలేని వేగాన్ని వదులుకుంటే మోటారు ఆయుష్షు పెరుగుతుందన్న మాట. కొత్త పినియన్ కొనేటప్పుడు పళ్ల సైజు తప్పక సరిపోవాలి. 32 పిచ్, 0.8 మాడ్యూల్ చూడటానికి ఒకేలా ఉంటాయి, కొలతలో మాత్రం స్వల్ప తేడా ఉంది. 48 పిచ్ పూర్తిగా వేరు.

మోటారుకు, ఈఎస్‌సీకి చిన్న ఫ్యాను బిగించడం మరొక మార్గం. అది ఉపయోగకరమే కానీ దుమ్మును కూడా లోపలికి లాగుతుంది. సమయాన్ని మార్చుకోవడం ఫ్యాను కంటే బాగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం పొద్దు వాలాక నడపాలి. ఒక బ్యాటరీ అయిపోగానే రెండోది పెట్టకుండా, మోటారు మీద వేలు పెట్టి ఉంచగలిగేంత చల్లారే దాకా ఆగాలి.

లైపో బ్యాటరీ: ఛార్జింగ్ కంటే నిల్వే కీలకం

పాతకాలపు నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ బరువు ఎక్కువ, భారం పడితే వోల్టేజి పడిపోతుంది, కానీ నిర్లక్ష్యాన్ని కొంత భరిస్తుంది. లైపో తేలికగా ఉండి ఎక్కువ శక్తిని ఇస్తుంది, నిర్లక్ష్యాన్ని మాత్రం భరించదు. దీని ఒక సెల్ నామమాత్రపు వోల్టేజి 3.7. పూర్తిగా ఎక్కినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది, 3 వోల్టుల కంటే కిందికి దిగితే సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. ఈఎస్‌సీలో బ్యాటరీ రకాన్ని లైపోగా ఎంచుకుంటే, వోల్టేజి ఆ హద్దుకు చేరకముందే అది మోటారును ఆపేస్తుంది. కొత్త కారులో ఆ అమరిక నికెల్ బ్యాటరీకి ఉందా, లైపోకు ఉందా అన్నది మొదటి రోజే చూసుకోవలసిన విషయం.

ఎండ ప్రాంతాల్లో లైపో ఉబ్బడానికి నడపడమే కాదు, నిండుగా ఛార్జింగ్ పెట్టి వదిలేయడం కూడా ఒక ముఖ్య కారణం. ఆదివారం నడుపుదామని శనివారం రాత్రి నింపి, వాన వచ్చిందని వారం పాటు అలాగే ఉంచితే లోపలి రసాయన చర్యలు సాగుతూనే ఉంటాయి, రేకుల ఇంట్లో వేడికి అవి మరింత వేగం పుంజుకుంటాయి. వాడని బ్యాటరీని సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. సెల్‌లన్నింటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్లలో చాలా వాటికి ఇందుకోసం స్టోరేజ్ అమరిక ఉంటుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో, బైకు సీటు కింది పెట్టెలో బ్యాటరీని వదిలేయకూడదు. మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న కారు లోపల వేడి 60 డిగ్రీల దాకా పోవచ్చు.

కారుతోపాటు వచ్చే యూఎస్‌బీ ఛార్జరు గురించి ఫిర్యాదులు ఎక్కువగా వినిపిస్తాయి. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. 5000 ఎంఏహెచ్, 7.4 వోల్టుల బ్యాటరీలో 37 వాట్ అవర్ల శక్తి పడుతుంది. 10 వాట్లు ఇచ్చే ఛార్జరుకు అది నిండటానికి నష్టాలు కలుపుకొని నాలుగు గంటలు దాటుతుంది. అదే బ్యాటరీని 5 ఆంపియర్లతో నింపగల బ్యాలెన్స్ ఛార్జరు సుమారు గంటలో పని పూర్తి చేస్తుంది, రెండు సెల్‌లూ సమానంగా నిండేలా కూడా చూస్తుంది. ఖర్చు పెట్టగలిగిన మొదటి అదనపు వస్తువు ఇదే కావాలి. పరుపు మీద, చెక్క బల్ల మీద కాకుండా గచ్చు మీదో నాపరాయి మీదో, మనిషి కనిపెట్టుకొని ఉండగా ఛార్జింగ్ పెట్టాలి. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక ఉంచుకోవాలి. ఉబ్బిన బ్యాటరీకి సూది గుచ్చి గాలి తీయడం ప్రమాదకరం.

బ్యాటరీల కొరియరు ఎందుకు ఆలస్యమవుతుందన్న ప్రశ్నకు కూడా భద్రతే జవాబు. విడిగా పంపే, లైపో లాంటి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడాన్ని 2016 నుంచి అంతర్జాతీయ నియమాలు నిషేధించాయి. అందుకే అవి ఎక్కువగా రోడ్డు మార్గంలోనే వస్తాయి.

రేడియో: తీరిన సమస్య

పాత కార్లు 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసేవి. ఒకే ఛానెల్ మీద రెండు రిమోట్లు ఉంటే ఒకరి కారు మరొకరి మాట వినేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు తమ రిసీవరుతో జతకట్టి, పౌనఃపున్యాలు మార్చుకుంటూ పోతాయి కాబట్టి ఒకేచోట పది కార్లు నడిచినా చిక్కులేదు. భారతదేశంలో ఈ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాత కారు ఆన్ చేయడం, ఆపేటప్పుడు ముందు కారు ఆపడం ఎప్పటికీ మారని క్రమం. సిగ్నల్ పోతే కారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ ఉందో లేదో, చక్రాలు గాలిలో ఉండేలా కారును ఎత్తి పట్టుకొని, రిమోట్ ఆపి చూసుకోవచ్చు.

దుమ్ము చేసే నష్టం

చెలక మట్టిలో మెత్తటి బంకతోపాటు గ్రానైటు అరిగి మిగిలిన స్ఫటిక రేణువులు ఉంటాయి. అవి ఉక్కు కంటే కూడా గట్టివి కావచ్చు. బయట తిరిగే గేర్లకు గ్రీజు పూస్తే ఆ రేణువులు గ్రీజులో చిక్కుకొని గేరు పళ్లను సానరాయిలా అరగదీస్తాయి. మూత లేని స్పర్ గేరును (పినియన్ తిప్పే పెద్ద గేరును) పొడిగా ఉంచడం, మూసి ఉన్న డిఫరెన్షియల్ లోపలే గ్రీజో సిలికాన్ నూనో వాడటం సరైన పద్ధతి. ఈ చిన్న నియమం తెలియక పళ్లు అరిగిన కార్లు చాలా ఉంటాయి.

బేరింగులు తర్వాతి బాధితులు. చవక కార్లలో బేరింగు బదులు ఇత్తడి బుష్ ఉంటుంది, దుమ్ము చేరాక అది వదులై చక్రం ఊగుతుంది. హాబీ కార్లలో ఎక్కువగా కనిపించేవి 5×11×4, 10×15×4 మిల్లీమీటర్ల లాంటి చిన్న సైజులు. బోరు మోటార్లకు, ఆటోలకు బేరింగులు అమ్మే జిల్లా కేంద్రాల దుకాణాల్లో ఇంత చిన్నవి సాధారణంగా ఉంచరు, కాబట్టి సెట్టుగా ముందే తెప్పించుకోవడం మంచిది. చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు గరగరమని వినిపిస్తే బేరింగు మార్చే సమయం వచ్చినట్టే.

నడిపిన ప్రతిసారీ పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపాలి. పంక్చర్ షాపులో గాలి కొట్టించేటప్పుడు పైపును బేరింగులకు, మోటారు రంధ్రాలకు ఎదురుగా పట్టకూడదు, దుమ్ము బయటికి రాకుండా మరింత లోపలికి పోతుంది. నీళ్లతో కడగడం వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న కార్లకు కూడా ఆఖరి మార్గమే. ఆ మాట ఈఎస్‌సీకి, సర్వోకు వర్తిస్తుంది, బేరింగులకు వర్తించదు.

ఎక్కడ నడపాలి

2021 డ్రోన్ నిబంధనలు ఎగిరే వాటికే వర్తిస్తాయి, నేల మీద నడిచే ఆర్‌సీ కార్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంత మాత్రాన ప్రజా రహదారి ఆటస్థలం కాదు. ఇతరుల ప్రాణానికో భద్రతకో ప్రమాదం కలిగించే నిర్లక్ష్యపు పనిని భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. చీకటిపడే వేళ బైకు ముందుకు దూసుకొచ్చే చిన్న కారు పెద్ద ప్రమాదానికి కారణం కాగలదు. వడ్లు ఆరబోసిన రోడ్లు, కల్లాలు, గొర్రెల మందలు తిరిగే దారులు, విత్తనం పడ్డ చేలు వదిలేయాలి. పడావు భూమి అయినా యజమానిని అడిగి నడపాలి. సెలవు రోజున బడి మైదానం అడిగితే దొరకవచ్చు, చుట్టూ గోడ ఉండటం దాని పెద్ద సౌకర్యం.

కారు నడిపే దూరానికి హద్దు రిమోట్ సిగ్నల్ కాదు, మనిషి చూపు. అర మీటరు పొడవున్న బండి అరవై, డెబ్బై మీటర్ల అవతలికి పోతే దాని ముఖం ఎటుందో తెలియదు, కుడికి తిప్పాలో ఎడమకు తిప్పాలో పాలుపోదు. ఎర్ర దుమ్ములో ఎరుపు, గోధుమ రంగు బాడీలు ఇంకా ముందే కలిసిపోతాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం బాడీలు దూరం నుంచి తెలుస్తాయి.

బడ్జెట్ పంపకం, విడిభాగాలు

హైదరాబాద్ నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. హాబీ దుకాణాలు జిల్లాల్లో పెద్దగా లేవు కాబట్టి ఒక చిన్న ప్లాస్టిక్ భాగం విరిగినా వారం, పది రోజులు కారు ఆగిపోతుంది. ఉన్న డబ్బంతా కారు మీదే పెట్టకుండా మూడో వంతు పక్కన పెట్టడం ఇందుకే అవసరం. 15 వేల రూపాయలు ఉన్నవారు 10 వేల కారు కొని, మిగిలిన దానితో బ్యాలెన్స్ ఛార్జరు, రెండో బ్యాటరీ, ముందు సస్పెన్షన్ చేతుల జత, రెండు పినియన్లు, బేరింగుల సెట్టు తెచ్చుకుంటే, 15 వేల కారు ఒక్కటే కొన్నవారి కంటే ఎక్కువ రోజులు నడుపుతారు.

కొన్ని పనులు ఊళ్లోనే అవుతాయి. బ్యాటరీ ప్లగ్ మార్చడం, తెగిన తీగ అతకడం మొబైల్ రిపేరు దుకాణంలోనో మోటారు వైండింగ్ షాపులోనో చేయించుకోవచ్చు. టీ ప్లగ్, ఎక్స్‌టీ60 లాంటి కనెక్టర్లు, మందపాటి సిలికాన్ వైర్లు కోఠి గుజరాతీ గల్లీలాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో వెతకవచ్చు. కారు మొత్తానికి ఒకే రకం ప్లగ్ ఎంచుకుని బ్యాటరీలన్నింటికీ అదే పెట్టించుకుంటే అడాప్టర్ల బెడద ఉండదు. అతికించేటప్పుడు బ్యాటరీ రెండు తీగలనూ ఒకేసారి కత్తిరించకూడదు, కత్తెర అంచు తగిలి షార్ట్ అవుతుంది. ఒక తీగ పూర్తయ్యి, దాని మీద తొడుగు పడ్డాకే రెండోది ముట్టుకోవాలని రిపేరు చేసే మనిషికి ముందే చెప్పాలి, ఎందుకంటే ఫోన్ బ్యాటరీల అలవాటుతో చేసేవారికి లైపో ఒక్క క్షణంలో వదిలే కరెంటు ఎంతో ఊహకు అందదు.